రెండు శుక్రవారాలు, ఒక సెక్షన్

2025 సెప్టెంబరు 20, శనివారం పొద్దున హనుమకొండలో మా చిన్నాన్న వాళ్ళింట్లో, మరునాటి ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుందన్న చర్చ నడుస్తున్న సమయంలో, డాలస్ నుంచి సెలవు మీద వచ్చిన మా తమ్ముడి ఫోనుకు వాళ్ళ ఆఫీసు న్యాయవాది నుంచి ఒక సందేశం వచ్చింది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి ప్రస్తుతం అమెరికా బయట ఉన్న ఉద్యోగులు గడువులోపు తిరిగి రావాలని, ఆ తర్వాత వచ్చేవారి పరిస్థితి ఏమిటో ఇప్పుడే చెప్పలేమని దాని సారాంశం. ముందురోజు, శుక్రవారం నాడు, ట్రంప్ సంతకం చేసిన ప్రకటన ప్రకారం హెచ్-1బి దరఖాస్తుకు 1,00,000 డాలర్ల రుసుము వాషింగ్టన్ గడియారంలో ఆదివారం తెల్లవారుజాము 12 గంటల 1 నిమిషం నుంచి అమల్లోకి వస్తుంది. మన గడియారంలో అది ఆదివారం ఉదయం 9 గంటల 31 నిమిషాలు. మా తమ్ముడు హనుమకొండ నుంచి శంషాబాదుకు ఎంత, శంషాబాదు నుంచి డాలస్‌కు ఎంత అని వేళ్ళ మీద లెక్కవేసి, "ఇప్పుడు చెప్పులేసుకొని బయల్దేరినా అందదన్నా" అన్నాడు. అయినా లోపలికి వెళ్ళి సూట్‌కేసు సర్దాడు. చిన్నమ్మ పువ్వుల సంగతి మరిచిపోయి దేవుడి గదిలో కూర్చుంది.

ఆ రుసుము ఏటేటా కట్టాలని సంతకం నాడు వాణిజ్య మంత్రి హోవార్డ్ లట్నిక్ చెప్పారు. మరునాడు శ్వేతసౌధం ప్రతినిధి అది ఒక్కసారే కట్టేదని, కొత్త దరఖాస్తులకే వర్తిస్తుందని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళు నిశ్చింతగా రావచ్చు పోవచ్చునని వివరించారు. ఆ వివరణ మాకు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. సూట్‌కేసు మంచం కిందికి వెళ్ళింది, బతుకమ్మ యథావిధిగా జరిగింది, మా తమ్ముడు నిర్ణయించిన తేదీకే విమానమెక్కాడు. నష్టమేమీ జరగలేదు కనుక ఇది చెప్పుకోవలసిన సంగతి కాదని వాడంటాడు. నాకు మాత్రం ఆ రాత్రంతా ఎనిమిదేళ్ళ కిందటి మరో శుక్రవారం గుర్తుకొస్తూనే ఉంది. ఆ రెండు శుక్రవారాలను కలిపే చట్టపు సెక్షన్ గురించి, ట్రంప్ సలహాదారు స్టీఫెన్ మిల్లర్ గురించి ఈ వ్యాసం.

2017 జనవరి 27న నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నాను. ఆ సాయంత్రం కొత్త అధ్యక్షుడు ఇరాన్, ఇరాక్, లిబియా, సొమాలియా, సూడాన్, సిరియా, యెమెన్ పౌరుల ప్రవేశాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అప్పటికే గాలిలో ఉన్న విమానాల్లోని ప్రయాణికులు, నేల మీద దిగేసరికి చెల్లని వీసాలు పట్టుకున్నవాళ్ళయ్యారు. మొదటి రెండు మూడు రోజులు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళను సైతం ఆపారు. జేఎఫ్‌కే విమానాశ్రయంలో న్యాయవాదులు నేల మీద కూర్చుని, ఒళ్ళో కంప్యూటర్లు పెట్టుకొని పిటిషన్లు రాస్తున్న దృశ్యాలు టీవీలో వస్తున్నప్పుడు, మా ఆదివారం భోజనాల బృందంలో ఒక మిత్రుడు పెరుగన్నం కలుపుకుంటూ, "అది వాళ్ళ గోల. మనం లైన్లో నిలబడి, లీగల్‌గా వచ్చినవాళ్ళం" అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మౌనమే.

ఆ ఉత్తర్వు వెనక ఉన్న ముఖ్యమైన చేతుల్లో ఒకటి అప్పటికి 31 ఏళ్ళున్న స్టీఫెన్ మిల్లర్‌ది. ఆయన ఎప్పుడూ ఎన్నికల్లో నిలబడలేదు. శ్వేతసౌధం సలహాదారు పదవికి సెనేట్ ఆమోదం అక్కర్లేదు కనుక ఆయనను ఏ సభా కూర్చోబెట్టి ప్రశ్నించలేదు. ఆయన న్యాయవాది కూడా కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివిన పట్టభద్రుడు. అయినా ఈ శతాబ్దంలో అమెరికా వలస విధానం మీద ఆయనకున్నంత ప్రభావం మరే సలహాదారుకూ లేదని నా అభిప్రాయం. ఆయన్ను విమర్శించేవారు చాలామంది ఆయన మాటల కటుత్వం దగ్గరే ఆగిపోతారు. మాట కటువుగా ఉన్నవాళ్ళు ఆ రాజధానిలో వీధికి పది మంది దొరుకుతారు. మిల్లర్ ప్రత్యేకత వేరు: అమెరికాలో వలస చట్టం నిజంగా ఎక్కడ నివసిస్తుందో ఆయనకు తెలుసు. అది పార్లమెంటు చేసే చట్టంలో కన్నా, ఆ చట్టం అధ్యక్షుడి చేతిలో పెట్టిన విచక్షణలో, అధికారులు రాసుకునే మెమోల్లో, ఏటా ఒకసారి ప్రకటించే సంఖ్యల్లో, దరఖాస్తు ఫారంలోని గళ్ళలో ఎక్కువగా నివసిస్తుంది. రెండో సంగతి మనకు సంబంధించినది. మనం ప్రాణప్రదంగా పట్టుకున్న లీగల్, ఇల్లీగల్ అనే గీత ఆయన గీసుకున్న పటంలో చాలా చోట్ల కనిపించదు.

ఆయన బాల్యాన్ని తవ్వి కారణాలు వెతకడం మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. 1985లో శాంటా మోనికాలో పుట్టారు. అక్రమ వలసదారులకు ప్రభుత్వ సేవలు నిరాకరించాలన్న ప్రతిపాదన మీద కాలిఫోర్నియా 1994లో ఓటు వేసినప్పుడు తొమ్మిదేళ్ళవాడు. ఉన్నత పాఠశాలలో ఉండగానే బడిలో స్పానిష్ వాడకం మీద స్థానిక పత్రికకు ఉత్తరం రాశారు, రేడియో కార్యక్రమాలకు ఫోన్లు చేసి వాదించారు. పదహారేళ్ళ వయసులో అన్న మాటలకు నలభై ఏళ్ళ మనిషిని బోనెక్కించడం న్యాయం కాదు. డ్యూక్‌లో జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పుకోవాలి. 2006లో ఆ విశ్వవిద్యాలయ లక్రాస్ ఆటగాళ్ళ మీద అత్యాచార ఆరోపణ వచ్చి క్యాంపస్ అంతా వాళ్ళను దోషులుగా చూస్తున్నప్పుడు, మిల్లర్ విద్యార్థి పత్రికలో, టీవీలో వాళ్ళ పక్షాన నిలబడ్డారు. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ ఆటగాళ్ళు నిర్దోషులని ప్రకటించారు. అక్కడ ఆయనదే సరైన వైపు. అందరూ ఒకవైపు ఉన్నప్పుడు ఒక్కడూ ఎదురు నిలిచి, చివరికి తన మాటే నిజమని తేలిన కుర్రవాడికి ఎదురు నిలవడమే తాను సరైనవాడినన్న రుజువనిపించే ప్రమాదం ఉంటుందని మాత్రం అనుకుంటాను.

ఆయన చేతిపని నేర్చుకున్నది 2009 తర్వాత, అలబామా సెనేటర్ జెఫ్ సెషన్స్ కార్యాలయంలో. 2013లో రెండు పార్టీలకు చెందిన ఎనిమిది మంది సెనేటర్లు సమగ్ర వలస సంస్కరణ బిల్లు తెచ్చారు. కాగితాలు లేని లక్షలాది మందికి పౌరసత్వానికి దారి చూపించే బిల్లుగానే దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. మనం గుర్తుంచుకోవలసిన భాగం వేరే ఉంది. హెచ్-1బి వార్షిక పరిమితిని 65,000 నుంచి తొలుత 1,10,000కు, క్రమంగా 1,80,000 వరకు పెంచే ఏర్పాటు అందులో ఉంది. ఉద్యోగ ప్రాతిపదిక గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిని అది ఎత్తివేసేది. హెచ్-1బి ఉద్యోగులతోనే నడిచే కంపెనీల మీద గట్టి ఆంక్షలూ పెట్టేది, ఆ మాట కూడా చెప్పాలి. 2013 జూన్ 27న సెనేట్‌లో 68–32తో నెగ్గిన ఆ బిల్లు ప్రతినిధుల సభలో ఓటింగు దాకా రాలేదు. రానీయకుండా చేయడానికి సెషన్స్ సభలో మాట్లాడుతుంటే, మిల్లర్ తెర వెనక విలేకరులకు, రేడియో వ్యాఖ్యాతలకు, పార్టీ సభ్యులకు అంకెలు, వాదనలు ఎడతెరిపి లేకుండా పంపుతూ వచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో ప్రతినిధుల సభలో పార్టీ నాయకుడైన ఎరిక్ కాంటర్ వలస విషయంలో మెతకగా ఉన్నారన్న ప్రచారం మధ్య సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోవడంతో ఆ బిల్లుకు నీళ్ళొదిలారు. ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి, గ్రీన్‌కార్డు వరుస ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ప్రయారిటీ డేటు ఒక వారమైనా కదిలిందా అని చూసుకునే మనవాళ్ళలో, ఆ వరుస అంత పొడవుగా మిగిలిపోవడానికి ఈ ఓటమి కూడా ఒక కారణమని తెలిసినవాళ్ళు తక్కువ. అది లైను బయట నిలబడ్డవాళ్ళ మీద గెలుపు మాత్రమే అయ్యుంటే, లైన్లో ఉన్నవాళ్ళ సంగతి దానితో పాటు ఎందుకు పూడుకుపోయింది?

ఈ ప్రశ్నకు జవాబు 2019 నవంబరులో బయటపడిన ఆయన ఈమెయిళ్ళలో కొంత దొరుకుతుంది. 2015, 2016 సంవత్సరాల్లో ఒక రైట్‌వింగ్ వార్తా సంస్థ ఉద్యోగికి ఆయన రాసిన 900కు పైగా సందేశాలను, ఆ ఉద్యోగి తర్వాత మనసు మార్చుకుని ఇవ్వగా, సదరన్ పావర్టీ లా సెంటర్ అనే పౌరహక్కుల సంస్థ చూసి ప్రచురించింది. వాటిలో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ ప్రస్తావన మెచ్చుకోలుగా వస్తుంది. కూలిడ్జ్ 1924లో సంతకం చేసిన చట్టం ఒక్కో దేశానికి 1890 జనాభా లెక్కల ఆధారంగా కోటా పెట్టి తూర్పు, దక్షిణ యూరప్ నుంచి వచ్చేవారిని బాగా కుదించింది. ఆసియావాసులకు తలుపు దాదాపు పూర్తిగా మూసింది. అంతకు ముందు ఏడాదే అమెరికా సుప్రీంకోర్టు, తమ సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ శ్వేతజాతీయుడు కాదు కనుక పౌరసత్వానికి అర్హుడు కాదని తీర్పు చెప్పింది. 1946లో భారతీయులకు దొరికిన కోటా ఏడాదికి 100. వందే. 1965 అక్టోబరులో లిండన్ జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర సంతకం చేసిన చట్టం ఆ దేశాల కోటాలను రద్దు చేస్తేనే, విశాఖ, గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివిన మన డాక్టర్లు విమానాలెక్కగలిగారు. వాళ్ళ తర్వాతనే ఇంజనీర్లు, ఆ తర్వాత మేము. 1924కూ 1965కూ మధ్య కాలాన్ని ఆదర్శంగా చూసే మనిషికి, వచ్చినవాడు ఏ వీసా మీద వచ్చాడన్నది రెండో ప్రశ్న. ఎంతమంది వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారన్నది మొదటి ప్రశ్న.

ఆయన ఈ మాట దాచుకోలేదు కూడా. 2017 ఆగస్టు 2న శ్వేతసౌధం విలేకరుల గదిలో ఆయన వేదిక మీదికి వచ్చింది చట్టబద్ధమైన వలసను పదేళ్ళలో దాదాపు సగానికి తగ్గించే ఒక బిల్లును సమర్థించడానికి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు ఎక్కువ మార్కులు వేసే పద్ధతి అది. సీఎన్‌ఎన్ విలేకరి జిమ్ అకోస్టా లేచి, స్వేచ్ఛా విగ్రహం దగ్గరి కవిత అలసినవాళ్ళను, పేదవాళ్ళను రమ్మంటుంది కదా, అందులో ఇంగ్లీషు రావాలని లేదే అని అడిగారు. ఆ కవిత విగ్రహంతో పాటు వచ్చింది కాదు, తర్వాత చేర్చినది అని మిల్లర్ జవాబిచ్చారు. చరిత్ర ప్రకారం అది నిజమే. కవితా ఫలకాన్ని పీఠంలో అమర్చింది 1903లో. ఆ 1903లోనే, ఇప్పటి బెలారుస్‌లోని ఆంటొపోల్ అనే ఊరి నుంచి యూదుల మీద దాడులకు భయపడి బయల్దేరిన వుల్ఫ్-లీబ్ గ్లాసర్ జేబులో 8 డాలర్లతో న్యూయార్క్ రేవులో వలసదారులు దిగే ఎల్లిస్ దీవిలో దిగారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన, ఆయన కొడుకులు వీధుల్లో సరుకులు అమ్ముకుంటూ పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో స్థిరపడ్డారు; ఆ కుటుంబం తర్వాత ఆ పట్టణంలో పెద్ద దుకాణానికి యజమాని అయింది. వుల్ఫ్-లీబ్ మిల్లర్ తల్లి వైపు పూర్వీకుడు. ఆంటొపోల్‌లో ఉండిపోయిన యూదులను తర్వాత నాజీలు దాదాపు పూర్తిగా తుడిచిపెట్టారు. ఈ కథను 2018లో పత్రికాముఖంగా చెప్పి, మేనల్లుడి విధానాలే ఆనాడు ఉండి ఉంటే మా వంశమే ఉండేది కాదని రాసింది మిల్లర్ మేనమామ డేవిడ్ గ్లాసర్. మన ఇళ్ళలో మేనమామ ఊరంతటి ముందు మేనల్లుడిని తప్పుపట్టాడంటే అది ఎంత దూరం పోయిన వ్యవహారమో వివరించనక్కర్లేదు. అయితే పూర్వీకులు వలసదారులు కనుక మనవడు వలసను వ్యతిరేకించకూడదన్న వాదన నాకు అంతగా రుచించదు. ఆ లెక్కన అమెరికాలో ఎవరూ నోరెత్తడానికి వీల్లేదు. నన్ను ఆపేది ఆ 1903 అన్న అంకె. ఆ ఏడాది ఎల్లిస్ దీవిలో దిగిన ఆ మనిషికి ఎన్ని మార్కులు పడేవి?

ఇక సెక్షన్ సంగతి. 1952 వలస చట్టంలో 212-ఎఫ్ అనే ఒక వాక్యం ఉంది. ఏ విదేశీయుల ప్రవేశమైనా, ఏ వర్గానికి చెందిన విదేశీయుల ప్రవేశమైనా దేశ ప్రయోజనాలకు హానికరమని అధ్యక్షుడు భావిస్తే, తనకు అవసరమనిపించినంత కాలం దాన్ని నిలిపివేయవచ్చు, తగిన ఆంక్షలు పెట్టవచ్చు అన్నది దాని తాత్పర్యం. పూర్వపు అధ్యక్షులు దీన్ని ఎక్కువగా ఫలానా సైనిక పాలకుడి అనుచరులు, ఫలానా ఆంక్షలు తప్పించుకున్నవారు అన్నట్టు చిన్న చిన్న గుంపుల మీద వాడారు. 2017 జనవరి ఉత్తర్వు దాన్ని దేశాలకు దేశాల మీద వాడింది. వారం తిరిగేసరికి సియాటిల్‌లో న్యాయమూర్తి జేమ్స్ రోబార్ట్ ఆ ఉత్తర్వును నిలిపివేశారు. ఆ తర్వాత మిల్లర్ టీవీలో, దేశాన్ని కాపాడే విషయంలో అధ్యక్షుడి అధికారాలను ప్రశ్నించే పని ఉండదన్న ధోరణిలో మాట్లాడారు. చాలామంది దాన్ని నవ్వులాటగా తీసుకున్నారు. కానీ ఉత్తర్వును రెండుసార్లు తిరగరాసి, మూడో రూపం సుప్రీంకోర్టుకు చేరాక, 2018 జూన్ 26న కోర్టు 5–4 తేడాతో దాన్ని నిలబెట్టింది. ఆ సెక్షన్‌లో ప్రతి పదమూ అధ్యక్షుడి విచక్షణకే తల వంచుతున్నదని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అభిప్రాయం. ఆ రోజు ఎడిసన్‌లో మేమెవరమూ ఆ తీర్పు చదవలేదు. 2020 ఏప్రిల్‌లో కొత్త గ్రీన్‌కార్డుల మీద నిలుపుదల వచ్చింది, అదే సెక్షన్ కింద. 2020 జూన్ 22న హెచ్-1బి, వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్-4, కంపెనీ లోపలి బదిలీలకిచ్చే ఎల్-1 వీసాల మీద వచ్చింది, అదే సెక్షన్ కింద. 2025 సెప్టెంబరులో మా తమ్ముడి చేత సూట్‌కేసు సర్దించిన లక్ష డాలర్ల ప్రకటనకు ముఖంగా కనిపించింది లట్నిక్. ఆ కాగితం కాళ్ళూనుకున్నది మాత్రం అదే సెక్షన్ మీద. యెమెన్ వాడి కోసం పదును పెట్టిన కత్తిని మళ్ళీ పదును పెట్టవలసిన అవసరం రాలేదు.

మెమోల ప్రపంచం ఇంతకన్నా నిశ్శబ్దమైనది. 2017 మార్చి 31న వచ్చిన ఒక మెమో, కంప్యూటర్ ప్రోగ్రామర్ ఉద్యోగం దానంతటది హెచ్-1బికి తగిన ప్రత్యేక వృత్తి అయిపోదని చెప్పింది. అదే ఏడు అక్టోబరు 23న వచ్చినది, ఒకసారి ఆమోదించిన దరఖాస్తును పొడిగింపు వేళ మళ్ళీ మొదటి నుంచి పరిశీలించమంది. 2018 ఫిబ్రవరిలో వచ్చినది, క్లయింటు దగ్గర పనిచేసేవాళ్ళు వీసా గడువంతటికీ ఒప్పంద పత్రాలు చూపాలంది. ఈ మూడూ మన ఇళ్ళ మీద నేరుగా పడినవే. నా పొడిగింపుకు అదనపు ఆధారాలు అడుగుతూ వచ్చిన లేఖ తొమ్మిది పేజీలుంది. నాలుగేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని చేస్తున్న పనికి డిగ్రీ ఎందుకు అవసరమో, రోజులో ఎంత శాతం సమయం ఏ పనికి పోతుందో పట్టిక వేసి చూపించాలి. మా మేనేజరు, నేను రెండు రాత్రులు కూర్చుని ఆ శాతాలు కూడితే మొదటిసారి 105 వచ్చింది. చివరికి పని అయింది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ రాత్రి నాకు బోధపడినదల్లా, చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే నా బతుకు కింద నేల మారిందన్నది. ఇదే కాలంలో ఆశ్రయం కోరేవారి దరఖాస్తుల్లో ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్న పద్ధతి వచ్చింది. మధ్య పేరు లేనివాడు ఆ గడిని ఖాళీగా వదిలితే, వర్తించదని రాయలేదన్న కారణంతో దరఖాస్తు తిప్పి పంపేవారు. ఇంటిపేరు ముందో వెనకో తెలియక పాస్‌పోర్టు కాలం నుంచి అవస్థ పడే తెలుగువాడికి ఈ గడి విలువ తెలుస్తుంది. ఈ మెమోలన్నీ మిల్లర్ కూర్చుని రాశారని నేననను. వాటి మీద ఉన్న సంతకాలు వేరేవారివి. అయితే వలస సేవల విభాగం అధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్ సిస్నా, సంస్థ లక్ష్య ప్రకటన నుంచి అమెరికా వలసదారుల దేశమన్న మాటను తీసేసినంతటి మనిషి, 2019లో పదవి వదలవలసి వచ్చింది. మిల్లర్ దృష్టిలో ఆయన వేగం చాలలేదని అప్పటి కథనాలు చెప్పాయి. పై వాడి మనసు ఏమిటో కింది బల్లల దాకా తెలియడానికి ఆ ఒక్క కబురు సరిపోతుంది.

మిల్లర్ పక్షాన గట్టిగా వినిపించే వాదన ఒకటుంది. ఆయన చేసినది తన యజమాని కోరిక. ఆ యజమాని 2016లో, మళ్ళీ 2024లో, వలసను అరికడతానని బాహాటంగా చెప్పి గెలిచాడు. ఎన్నికైనవాడి మాటను అమలు చేయకుండా ఫైళ్ళు తొక్కిపెట్టే అధికారి కన్నా, అమలు చేసే సలహాదారే ప్రజాస్వామ్యానికి మేలు కదా? ఈ వాదనలో బలం ఉంది, నేను దాన్ని తీసిపారేయను. శరణార్థుల వార్షిక పరిమితిని 1,10,000 నుంచి నాలుగేళ్ళలో 15,000కు, రెండో దఫాలో 7,500కు దించడం నాకు నచ్చకపోవచ్చు. కానీ ఆ సంఖ్య నిర్ణయించే అధికారం చట్టమే అధ్యక్షుడికి ఇచ్చింది, ఓటర్లకు ఆయన ఉద్దేశం తెలుసు. వాదన నాకు ఎక్కడ తెగుతుందంటే 2018 వేసవి దగ్గర. సరిహద్దు దాటిన ప్రతి పెద్దవాడి మీదా నేరం మోపాలన్న నిర్ణయం వల్ల తల్లిదండ్రులు జైలుకు, పిల్లలు వేరే శాఖ వసతులకు వెళ్ళారు. ఆ ప్రభుత్వ కాలం మొత్తం మీద అలా విడిపోయిన పిల్లలు 5,000కు పైనే. ఏ పిల్ల ఏ తల్లిదో తిరిగి కలపడానికి రెండు శాఖల మధ్య పనికొచ్చే పట్టిక లేదు. శాన్‌డియాగో న్యాయమూర్తి డేనా సబ్రా కలపమని ఆదేశించాక అధికారులు ఫైళ్ళు చేత్తో తిరగేసి వెతకవలసి వచ్చింది. మిల్లర్ దాన్ని పత్రికల వాళ్ళతో ఒక సాదా నిర్ణయంగా వర్ణించారు. ఓటు వేసినవాడు సరిహద్దు గట్టిగా ఉండాలని ఓటు వేశాడు. తల్లీపిల్లల లంకె రాసుకోని రిజిస్టరుకు కాదు. మన ఊరి జాతరలో తప్పిపోయిన పిల్లవాడి పేరు మైకులో చెప్పేవాడికి ఉన్నపాటి జాగ్రత్త, ప్రపంచంలో అందరికన్నా సంపన్నమైన ప్రభుత్వానికి లేకపోవడాన్ని అసమర్థత అనడానికి నాకు మనసొప్పదు.

2021 తర్వాత నాలుగేళ్ళు ఆయన ఊరికే కూర్చోలేదు. అమెరికా ఫస్ట్ లీగల్ అనే సంస్థ పెట్టి బైడెన్ ప్రభుత్వం మీద కేసులు వేయించారు. న్యాయవాది కాని మనిషి న్యాయ సంస్థ నడపడం ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయింది. 2025 జనవరిలో శ్వేతసౌధం ఉప సిబ్బందాధిపతిగా తిరిగొచ్చేసరికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. రోజుకు కనీసం 3,000 అరెస్టుల లక్ష్యం, 1798 నాటి శత్రుదేశీయుల చట్టం కింద వెనెజువెలా వాసులను ఎల్‌సాల్వడార్ జైలుకు పంపడం, వీటి గురించి పత్రికల్లో విస్తారంగానే వచ్చింది. నేను ఆగదలచుకున్నది ప్రమాణ స్వీకారం నాడే, జనవరి 20న, సంతకమైన జన్మహక్కు పౌరసత్వ ఉత్తర్వు దగ్గర. చాలామంది దాన్ని కాగితాలు లేనివారి పిల్లలకు సంబంధించినదిగానే విన్నారు. చదివితే రెండో పేరా ఒకటి కనిపిస్తుంది: తల్లి చట్టబద్ధంగానే, కానీ తాత్కాలికంగా, అంటే విద్యార్థి వీసా మీదనో పని వీసా మీదనో ఉండి, తండ్రి పౌరుడూ గ్రీన్‌కార్డుదారూ కాకపోతే, ఆ బిడ్డకూ పౌరసత్వం లేదు. పని వీసా! దిగువ కోర్టులు వెంటవెంటనే ఆపాయి. సియాటిల్‌లోని న్యాయమూర్తి జాన్ కఫెనార్ దాన్ని పచ్చిగా రాజ్యాంగ విరుద్ధమన్నారు. అయినా గడువుకు ముందే కాన్పు చేయమని భారతీయ దంపతులు వైద్యులను అడుగుతున్నారన్న వార్తలు ఆ రోజుల్లో వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా పన్నులు కడుతూ, వరుసలో నిలబడి, ఒక్క ట్రాఫిక్ చలానా లేకుండా బతికిన మనిషిని గురించి ప్రభుత్వం ఏమనుకుంటున్నదో ఆ రెండో పేరా రాతపూర్వకంగా చెప్పింది.

2025 ఆగస్టులో మిల్లర్ ఫాక్స్ న్యూస్‌లో భారతదేశం వలస విధానంలో చాలా మోసం చేస్తుందని, దానివల్ల అమెరికా కార్మికులు నష్టపోతున్నారని అన్నారు. మన టీవీల్లో దాని మీద ఆగ్రహం వెల్లువెత్తింది. నాకు కోపమూ వచ్చింది, చిన్న నామోషీ కూడా కలిగింది. ఎందుకంటే మోసం అసలే లేదని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. అమీర్‌పేటలో అనుభవాన్ని అచ్చు వేయించుకున్న రెజ్యూమెలు, ఒకడి బదులు ఇంకొకడు కూర్చునే ఫోన్ ఇంటర్వ్యూలు, ప్రాజెక్టు దొరికేదాకా బెంచి మీద జీతం లేకుండా కూర్చోబెట్టే కన్సల్టెన్సీలు, ఇవన్నీ మన గోత్రాలు తెలిసిన మనుషులు నడిపినవే. 2024 ఆర్థిక సంవత్సరపు హెచ్-1బి లాటరీకి 7,80,000కు పైగా నమోదులు వస్తే, వాటిలో సగానికి పైగా ఒకే మనిషి పేరు మీద రెండు మూడు కంపెనీలు వేసినవి. సిగ్గుపడవలసిన అంకె అది. తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. మరుసటి ఏడాదికి బైడెన్ ప్రభుత్వం, లాటరీ నమోదుకు కాక మనిషికి, ఎన్ని కంపెనీలు వేసినా పాస్‌పోర్టుకు ఒక్కటే చీటీ అని నియమం మార్చింది. నమోదులు 4,80,000 దరిదాపుకు పడిపోయాయి. విమానాశ్రయంలో ఎవరినీ ఆపలేదు, ఎవరి పసిబిడ్డ పౌరసత్వమూ ముట్టుకోలేదు. మోసాన్ని ఆపడమే లక్ష్యమైతే పనిముట్లు ఇలా ఉంటాయి. లక్ష డాలర్ల రుసుము మోసగాడినీ, ఐఐటీలో చదివి నిజంగా ఉద్యోగం దొరికినవాడినీ ఒకే గాటన కడుతుంది. మిల్లర్ ఫిర్యాదులో నిజం పాలు ఉండవచ్చు. ఆయన మందు ఆ జబ్బుకు కాదు.

ఎడిసన్‌లో పెరుగన్నం కలుపుకున్న మిత్రుడు ఇప్పుడు అమెరికా పౌరుడు, 2024లో ట్రంప్‌కు ఓటు వేశాడు. అది అతని హక్కు, మా స్నేహానికి అడ్డం రాలేదు. నేను 2019లో హైదరాబాదుకు తిరిగొచ్చాక కూడా పండుగలకు ఫోన్ చేస్తుంటాడు. సెప్టెంబరు వ్యవహారం జరిగినప్పుడు, "అది కొత్తవాళ్ళకేలే" అన్నాడు. ఈ మధ్య ఒక రాత్రి వాట్సాప్‌లో సందేశం పెట్టాడు. వాళ్ళ అక్క కొడుకు వరంగల్‌లో బీటెక్ అయిపోయి టెక్సస్‌లో ఎమ్మెస్‌కు ఐ-20 ప్రవేశ పత్రం తెచ్చుకున్నాడు, 40 లక్షల బ్యాంకు రుణానికి బావగారు ఇల్లు తనఖా పెడుతున్నారు, చదువయ్యాక అక్కడే ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి హెచ్-1బికి మారితే లక్ష డాలర్లు కట్టనక్కర్లేదట కదా, నీకు ఇలాంటివి బాగా తెలుసు, నిజమేనా అని అడిగాడు. నిజమే, 2025 అక్టోబరు 20 నాటి వివరణ ప్రకారం అమెరికాలో ఉంటూ హోదా మార్చుకునేవాళ్ళకు ఆ రుసుము వర్తించదు అని రాశాను. అది చట్టం కాదు, వివరణ మాత్రమేనని, బాబు ఎమ్మెస్ పూర్తయ్యే లోపు ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని మార్చేయవచ్చునని కింద ఇంకో రెండు వాక్యాలు టైపు చేశాను. బావగారు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు సోమవారం వెళ్తున్నారట. ఆ రెండు వాక్యాలు కూడా పంపించాను.